వాగు అవతలి బావ

మా బావ పోయాడు. రియాద్‌లోని మలాజ్‌లో తాను కాపలా ఉండే బిల్డింగు గుమ్మం ముందు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సాయంత్రపు అసర్ నమాజుకు కిందికి దిగిన ఈజిప్టు ఆయన రోజూ చెప్పినట్టే సలాం చెప్పాడట. బావ రోజూ చెయ్యి ఎత్తేవాడు, ఆ రోజు ఎత్తలేదట. నాలుగడుగులు పోయినవాడు వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే తల పక్కకు వాలిపోయింది. నాకు ఫోను వచ్చినప్పుడు నేను పార్కులో గడ్డికి నీళ్లు పెడుతున్నాను. విన్నాను. పైపు చేతిలోనే ఉంది, నీళ్లు పోతూనే ఉన్నాయి. మడి నిండి తోవ మీదికి పారి, నా చెప్పులు తడిసిన తరువాత గాని తేరుకోలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో ఆయన చేతి కూర తిన్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు పేరు అక్కర్లేదు. మలాజ్ బావ అంటే చాలు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆయన మా అక్క మొగుడు కాదు. మా ఊరు వాగుకు ఇవతల, ఆయన ఊరు చింతలవాయి వాగుకు అవతల. రెండు ఊళ్ల మధ్య పిల్లలను ఇచ్చి పుచ్చుకోవడం ఉంది కనుక అందరికీ అందరూ ఏదో ఒక వరుస అవుతారు. నాకు ఆయన బావ. ఆయనకు నేను బామ్మర్దిని. మొదట ఖమీస్ ముషైత్‌లో, తరువాత రియాద్‌లో, మా ఇద్దరికీ ఒకే రూము. నాకు మాటలు తక్కువ. మా ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేవాడు. అందుకే ఇప్పుడు ఆయన గురించి రాయాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

శుక్రవారం నుంచి మొదలుపెడతాను.

శుక్రవారం మా రూములో వంట బావది. బిల్డింగు మిద్దె మీద రేకుల గది మాది. కోడికూర, పచ్చిపులుసు చేసేవాడు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని వడ్డించేవాడు. కొత్తగా ఊరి నుంచి దిగినవాడు ఎవడైనా ఉంటే వాడిని ఎదురుగా కూర్చోబెట్టేవాడు. పళ్లెంలో అన్నం పెట్టి, కూర గరిటె పళ్లెం మీదికి తెచ్చి, అక్కడే ఆపేవాడు.

"ఆగు. ఏ ఊరు?"

వాడు చెప్పేవాడు.

"మండలం?"

అదీ చెప్పేవాడు.

"పార్లమెంటు?"

ఇక్కడికి వచ్చేసరికి చాలామంది ఆగిపోయేవారు. ఒకడు జగిత్యాల అన్నాడు.

"అది జిల్లారా. జిల్లా పోయి ఢిల్లీల కూసుంటదా? పార్లమెంటు చెప్పు, గప్పుడే కూర."

"ఏదైతేంది బావా? ఎవడు గెలిచినా మనకు గీ పార పనే కద."

"బతికున్నోనికి ఎవడైనా ఒక్కటే. రేపు నువ్వు సస్తె? నీ పెట్టె తెప్పియ్యమని మీ నాయిన ఎవని ఇంటి ముందట నిలవడాలె?"

"అన్నం కాడ గివేం మాటలు బావా!" అని నర్సయ్య కసిరేవాడు. నర్సయ్య మా రూమువాడే, పెయింటు పని. బావ వినేవాడు కాదు. "మీ ఊరి పొంటి కాలువ పోతదా? కాలువకు ఇటా, అటా? పక్క ఊరేది?" అని అడిగి అడిగి, చివరికి తానే చెప్పేవాడు. తనకూ తెలియకపోతే ఆ ఊరి సర్పంచికి ఫోను కొట్టించేవాడు. తరువాత ఆ కొత్తవాడు అందరి ముందు ఇంటికి ఫోను చేసి, మనది ఫలానా పార్లమెంటు అని నాయినతో చెప్పాలి. చెప్పిన తరువాతే గరిటె ఒంగేది. అవతల ఆ ముసలాయనకు ఏమీ అర్థం కాక, "ఓట్లొచ్చినయా బిడ్డా?" అని అడిగేవాడు. రూమంతా నవ్వేది. బావ నవ్వేవాడు కాదు.

ఎందుకు నవ్వేవాడు కాదో నాకు తెలుసు. ఖమీస్ ముషైత్‌లో మాతో ఒకడు ఉండేవాడు. మా మండలం మనిషి, ఇనుప కడ్డీలు వంచే పని. ఒక పొద్దున కట్టుబడి మీద నుంచి జారిపడి పోయాడు. ఊళ్లో వాడి తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని, తన తండ్రి కాలం నుంచి అలవాటైనట్టు కరీంనగర్ పోయాడు. మా దిక్కు మనిషికి గల్ఫులో ఏదైనా అయితే ఇంటివాళ్లు ముందు ఎంపీ ఇంటికే పోతారు. అక్కడి నుంచి ఒక ఉత్తరం ఢిల్లీకి పోతే ఇక్కడ కాగితాలు కదులుతాయని నమ్మకం. కదులుతాయి కూడా. కానీ అప్పటికి కొత్తగా హద్దులు మారాయి. ఆ ఇంటి వరండాలో మనిషి మంచివాడే, కూర్చోబెట్టి చాయ్ పోయించాడట. "మీ ఊరు ఇప్పుడు మాకు లేదు పెద్దయ్యా" అన్నాడట. పాత పార్లమెంటులో నుంచి తీసిన ఊళ్లు కొన్ని తూర్పుదానిలో కలిశాయి, కొన్ని పడమటిదానిలో కలిశాయి. వాటికి వేరే పేర్లున్నాయి. మా రూములో మాత్రం ఎప్పుడూ తూర్పుది, పడమటిది అనే. ఆ తండ్రి తూర్పుకు పోతే పడమటికి పొమ్మన్నారు. పడమటికి పోతే తూర్పుకు పొమ్మన్నారు. వాళ్ల గూడెం రెండింటి నడుమ మూలలో ఉంది, ఎవరికీ సరిగా తెలియదు. ఆయన బస్టాండులో పడుకుని తిరిగాడు. పత్తి కాయ పగలకముందు చచ్చిపోయిన కొడుకు, పత్తి ఏరడం అయిపోయాక పెట్టెలో ఇల్లు చేరాడు.

అంతకాలమూ బావ ప్రతి శుక్రవారం ఆసుపత్రి మార్చురీకి పోయేవాడు. లోపలికి రానిస్తే లోపలికి, రానియ్యకపోతే ఆ ఇనుప తలుపు దాకా. నేను రోడ్డు మీద నిలబడేవాడిని. "పోయి ఏం చేస్తవు బావా?" అని ఒకసారి అడిగాను.

"ఏం లేదురా. మీ నాయిన తిరుగుతున్నడు, జర ఓపిక వట్టు అని చెప్పొస్తున్న."

ఆ తరువాతే ఈ గరిటె ఆపడం మొదలైంది.

హద్దులు మారకముందు మా రెండు ఊళ్లూ ఒకటే పార్లమెంటు. పోలింగు మా ఊరి బడిలో పెట్టేవారు. అవతలివాళ్లు వాగు దాటి వచ్చేవారు. మగవాళ్లు పంచెలు ఎగగట్టి, ఆడవాళ్లు ఓటు చీటీలు కొప్పులో దోపుకుని. మా బడికి ఆ రోజు సెలవు కనుక మేము గట్టు మీద కూర్చుని చూసేవాళ్లం. బావను నేను మొదటిసారి చూసింది అప్పుడే. తల్లిని భుజాల మీద కూర్చోబెట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో మెల్లగా నడిచి వస్తున్నాడు. ఆమె ఒక చేత్తో కొడుకు తల పట్టుకుంది, ఇంకో చేత్తో తన చెప్పులు పట్టుకుంది. "జర జల్దీ నడువు కొడుకా, గుర్తు మర్చిపోతున్న" అంటున్నది. గట్టు మీద అందరూ నవ్వారు. ఆయన మాత్రం తొందరపడలేదు.

ఎంపీలను ఆయన పేర్లతో కాదు, ఊళ్లో గుర్తుండిపోయిన సంగతులతో చెప్పేవాడు. ఒకాయన జీపు మా వాగులో దిగబడితే చింతలవాయి ఎడ్లు కట్టి లాగారు. ఒక ఎద్దు బావవాళ్లది. ఆయన ఎప్పటికీ "మా ఎద్దు గుంజిన ఎంపీ"యే. తరువాత ఒక వకీలు వచ్చాడు, మంచినీళ్లు అడిగి తాగాడు, అంతే. ఇంకొకాయన వాగు మీద వంతెన వేస్తానని రాయి పాతి కొబ్బరికాయ కొట్టాడు. వంతెన రాలేదు. ఆ రాయి మీద రెండు ఊళ్ల ఆడవాళ్లూ బట్టలు ఉతికేవారు. "నున్నటి రాయిరా, గసొంటి రాయి మళ్ల దొరకలే" అని బావ ఆ ఎంపీని మెచ్చుకునేవాడు.

తరువాత ఎక్కడో ఎవరో మ్యాపు ముందు పెట్టుకుని మా వాగు వెంట గీత గీశారు. పెన్నుకు వాగు వెంట పోవడం సులువు అనుకుంటాను. మా ఊరు తూర్పుదానికి పోయింది, చింతలవాయి పడమటిదానికి పోయింది. ఇంకా కొన్నేళ్లకు జిల్లాలను ముక్కలు చేసినప్పుడు రెండూ ఒక జిల్లాలోనే పడ్డాయి. జిల్లా ఒకటి, పార్లమెంట్లు రెండు. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కేది కాదు. బావ గచ్చు మీద బొగ్గుతో వాగు గీసి, ఇటు ఒక ఉల్లిగడ్డ, అటు ఒక ఉల్లిగడ్డ పెట్టి చూపించేవాడు. అయిపోయాక రెండు ఉల్లిగడ్డలూ కోసి ఒకే కూరలో వేసేవాడు.

హద్దులు మారాక వచ్చిన మొదటి ఎన్నికకు బావ సెలవు మీద ఇంటి దగ్గర ఉన్నాడు. చింతలవాయిలోనే పోలింగు పెట్టారు. తిరిగి వచ్చిన రోజు బ్యాగు దించకముందే నాకు వేలు చూపించాడు. గోరు మీద నల్లని సిరా.

"చూడు బామ్మర్దీ. మా ఊర్లనే ఓటేసిన. వాగు దాటలే. కాళ్లు తడవలే."

సంబరంగానే అన్నాడు. కాసేపు అయ్యాక మళ్లీ తానే అన్నాడు.

"ఎట్లనో అనిపిచ్చెరా. కాళ్లు తడవకుంటె ఓటేసినట్టే లేదు."

ఆ సిరా గోరుతో పాటు పైకి పెరుగుతూ పోయింది. నర్సయ్య గోళ్లు తీసుకునేటప్పుడల్లా, "మీ పార్లమెంటును ఎప్పుడు కత్తిరిస్తవు బావా?" అని ఎగతాళి చేసేవాడు. చివరి అంచుకు వచ్చేదాకా ఆయన ఆ గోరు తియ్యలేదు. అదే ఆయన వేసిన ఆఖరి ఓటు.

ఎందుకంటే తరువాత నీళ్లొచ్చాయి.

గోదావరి మీద ప్రాజెక్టు కట్టారు. నీళ్లు వెనక్కి తన్ని మా వాగులోకి వచ్చాయి, వాగు నిండి చింతలవాయిలోకి పోయాయి. మా ఊరు మెరకన ఉంది కనుక మిగిలింది. అవతలివాళ్లకు మా ఊరి శివారులోనే కాలనీ కట్టి ఇచ్చారు. అంటే వాగుకు ఇవతల, మా పంచాయతీలో, మా తూర్పు పార్లమెంటులో. బావ అప్పుడు ఇక్కడే, రియాద్‌లో ఉన్నాడు. ఇల్లు ఖాళీ చేసింది ఆయన భార్య, కూతురు. ఆమెను నేను అక్క అంటాను. నీళ్లు వచ్చిన రోజు కూతురు గట్టు మీద నుంచి ఫోను చేసింది. ఫోను నీళ్ల దగ్గర పెట్టమన్నాడు. చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు.

"సప్పుడు లేదేంది బిడ్డా?"

"నిలవడ్డ నీళ్లు నాయినా. నిలవడ్డ నీళ్లకు సప్పుడు యాడిది?"

ఆ సాయంత్రం నర్సయ్య ఊరుకోలేక, "అయితే ఇప్పుడు నువ్వు గూడ బామ్మర్ది ఊరోనివే అయినవు బావా" అన్నాడు. బావ పళ్లెం పక్కకు జరిపి మిద్దె అంచుకు పోయి నిలబడ్డాడు. ఎదురుగా మలాజ్ ఇళ్ల మీది నీళ్ల ట్యాంకులు వరసగా కనిపిస్తాయి. వాటినే చూస్తూ ఉన్నాడు.

అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటు పట్టుకుంది. పడుకునేటప్పుడు చెప్పులు కింద విడవడు. మంచం మీద కాళ్ల దగ్గర పెట్టుకుంటాడు. ఎందుకు బావా అంటే, "నీళ్లొస్తె తేలిపోతయిరా" అన్నాడు. వానే సరిగా పడని ఊళ్లో, మిద్దె మీద గదిలో. మొదట్లో నవ్వుకున్నాం. తరువాత నవ్వలేదు. ఇంకా తరువాత నేనూ ఒకటి రెండుసార్లు నా చెప్పుల వైపు చూసుకున్నాను.

మధ్యాహ్నం ఎండకు పని ఉండదు కదా. అప్పుడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఊళ్లో తిరిగేవాడు. నాకు వినిపించేటట్టు చెబుతూ తిరిగేవాడు. "ఇగో, పోచమ్మ గుడి దాటిన. ఎడమకు మళ్లిన. కుమ్మరోళ్లు కుండలు కాల్చే ఆము. ఇంక కొంచెం పోతె మా గోడ. ఇగో తలుపు." అక్కడ ఆగిపోయేవాడు.

"తియ్యి బావా."

"వద్దురా. తీస్తె నీళ్లొస్తయి."

ఒక ఎన్నికకు మళ్లీ సెలవు పెట్టుకుని పోయాడు. కాలనీ జాబితాలో ఆయన పేరు లేదు. పాత ఊరి జాబితా కొట్టేశారు, కొత్తది రాసేటప్పుడు ఆయన దేశంలో లేడు. తిరిగి వచ్చి రూములో అందరికీ నవ్వుతూనే చెప్పాడు, "నా ఓటు చింతలవాయిలనే ఉన్నదిరా, చేపలు వేస్తయి తియ్యి" అని. నా ఒక్కడికి ఇంకో సంగతి చెప్పాడు. గట్టు మీద నిలబడి తన ఇల్లు ఎక్కడో వెతుక్కున్నాడట. అంతా ఒకటే నీళ్లు. కానీ నడుమ వరసగా గుంజలు పాతి ఉన్నాయి, గుంజ గుంజకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఏమిటవి అని అడిగితే తెప్ప వేసేవాళ్లు చెప్పారట. కింద పాత వాగు పోయే జాడ అది. జాడకు ఇటు చేపలు మా ఊరివాళ్లవి, అటు చేపలు చింతలవాయివాళ్లవి. ఎవరూ చెప్పకుండానే అట్లా పంచుకున్నారు.

"నీళ్ల మీద గూడ వాగు ఉన్నదిరా బామ్మర్దీ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

పాస్‌పోర్టు కొత్తది చేసుకోవలసి వచ్చింది. మా కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే కడప భాయ్ మంచి మనిషి. మేము ఇక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా కార్డులన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. ఆయన, "ఆ ఊరే లేదంటివి కదా పెద్దాయనా. కాలనీ అడ్రసు రాపిస్తా, ముందు ముందు తిప్పలు ఉండవు" అన్నాడు.

"ఊరు ఉన్నది భాయ్. మీద నీళ్లున్నయి, గంతే."

"ఏం మనిషివయ్యా నువ్వు!"

"రాయి భాయ్. చింతలవాయి అనే రాయి."

రాశాడు. ఆ పాస్‌పోర్టుతోనే బావ పోయాడు.

పోయిన తరువాత కడప భాయ్ నన్ను పిలిపించాడు. టేబులు మీద కాగితాలు పరిచి ఉన్నాయి. "నేను ఆ పొద్దే చెప్పినా కదా పెద్దాయనకు. పాస్‌పోర్టులో చింతలవాయి ఉంది. ఇంటికాడ నుంచి వచ్చిన కాయితంలో కాలనీ పేరు ఉంది. ఆ ఊరాయనా, ఈ ఇంటాయనా ఒకరే అని యా పెద్దమనిషన్నా రాసిస్తే గానీ ఇది ముందుకు పోదు. ఆలస్యమైతే ఈడనే మట్టి చేసేద్దామని, వీసా ఇచ్చిన కఫీల్ అంటాండాడు. ఆయన్ను ఎన్నాళ్లని ఆపేది నేను?"

ఇక్కడే మట్టి చేయడం అంటే ఊరి బయట ఇసుకలో, రాయి కూడా లేని చోట.

బావ కూతురి నుంచి ఫోను వచ్చింది. "మామా, తూర్పాయన ఇంటికి పోయినం. కాలనీ మాదే గని చింతలవాయి ఎన్నడూ మాది కాదు, మేమెట్ల రాస్తమన్నరు. పడమటాయన ఇంటికి పోయినం. ఆ ఊర్ల ఇప్పుడు ఒక్క ఓటరు లేడు గదమ్మా, ఉన్న ఊరి ఎంపీ కాడికి పోండ్రి అన్నరు. అమ్మ తిండి ముడుతలేదు. గిసొంటివి అయితె అందరం నాయిననే అడుగుదుము. ఇప్పుడు ఎవర్ని అడగాలె మామా? ఎటు పోవాలె?"

ఫోను పట్టుకుని బోర్లించిన బకెట్టు వైపు చూశాను. ఎన్ని శుక్రవారాలు ఆ బకెట్టు మీద నుంచి విన్నాను! పార్లమెంటు? పార్లమెంటు? నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, విన్నాను, అంతే. ఒకసారి ఒకడు, ఇల్లు ఒక ఊళ్లో ఉంది, పాస్‌పోర్టు అత్తగారి ఊరి పేరున ఉంది అంటే బావ ఏమన్నాడో గుర్తుకు వచ్చింది. ఆ గొంతుతోనే వచ్చింది. "పాస్‌పోర్టుల ఏ ఊరుంటె ఆ ఊరి ఎంపీనే నీకు దిక్కు."

"పడమటాయన దగ్గరికే పో బిడ్డా" అన్నాను.

"ఆడ ఓట్లు లేవంటున్నరు గద."

"ఓట్లు లేకుంటె ఏమాయె. ఊరు ఆయన హద్దులనే ఉన్నది. మీద నీళ్లున్నయి, గంతే. మీ నాయిన గదే అంటుండె. తెప్పలేసెటోళ్లను ఎంబడి తీసుకపో. గుంజల సంగతి చెప్పుమను."

అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నేళ్లయిందో. నర్సయ్య గోడకు రంగు పూస్తున్నవాడిలా చెయ్యి గాలిలో పెట్టి నన్నే చూస్తున్నాడు.

ఆమె పోయింది. చింతలవాయి తెప్పలవాళ్లను ఇద్దరిని తీసుకుని పోయింది. అక్కడ ఏం జరిగిందో తరువాత చెప్పింది. ఆ ఎంపీ ఇంట్లో కాగితాలు చూసే ఆయన, "మీ ఓట్లు ఏడున్నయి?" అని అడిగాడట. తెప్ప ముసలాయన చేతులు కట్టుకుని, "ఓట్లు అటు వేస్తున్నం సారూ, చేపలైతె మీ పార్లమెంటులనే పడుతున్నం" అన్నాడట. ఆయన నవ్వాడట. నవ్వి, కుర్చీలు వేయించి, అంతా మొదటి నుంచి చెప్పమన్నాడట. గుంజల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడట. ఆ సాయంత్రమే ఉత్తరం వచ్చింది. చిన్న ఉత్తరం. చింతలవాయి మా నియోజకవర్గంలోని ఊరు, ఇప్పుడు నీటి కింద ఉంది, ఈయన ఆ ఊరివాడు, ఆ కాలనీలో ఉన్నది ఈయన ఇంటివారే. కడప భాయ్ దాన్ని పైకి చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గెలిచినాడు చూడు పెద్దాయన" అన్నాడు.

పెట్టెలో పెట్టేముందు చూడటానికి కడప భాయ్, నేను పోయాం. ఈసారి నేను బయట నిలబడలేదు. ముఖం మామూలుగానే ఉంది, ఏదో అడగబోతున్నట్టు. నేను చెయ్యి చూశాను. ఎడమ చేతి వేలు. గోరు తెల్లగా ఉంది. సిరా ఉంటుందని ఎందుకు అనుకున్నానో నాకు తెలియదు. "మీ బిడ్డ తిరిగింది బావా. అయిపోయింది. జర ఓపిక వట్టు" అన్నాను. పెట్టె మీద అంటించిన కాగితంలో ఇంగ్లీషు అక్షరాలతో చింతలవాయి అని రాసి ఉంది.

హైదరాబాదులో పెట్టె దించుకున్న అంబులెన్సు డ్రైవరు కొత్తవాడు. పెట్టె మీది ఊరు పేరు ఫోనులో కొట్టుకుని ఒక్కడే బయలుదేరాడు. ఫోను ఎట్లా చెబితే అట్లా పోయాడు. కాలనీ దారి వేరు. అతనికి ఆ సంగతి చెప్పడం అందరూ మరిచిపోయారు. పొద్దున్నే కూతురికి ఫోను చేశాడు. "అక్కా, రోడ్డు నీళ్లల్లకు పోతున్నది. ఫోనేమో ఇంక ముందుకే పొమ్మంటున్నది. మీ ఊరు యాడున్నది?"

ఆడ ఉన్నదే మా ఊరు, ఆడనే ఆగు అన్నదట. కాలనీ అంతా ఆ గట్టుకే పోయింది. పాత తారు రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది. అంబులెన్సు ముందు చక్రాలు తడిసేదాకా పోయి ఆగి ఉందట. తన ఊరి దారిన తన ఊరికి ఎంత దగ్గరికి పోవచ్చునో అంత దగ్గరికి పోయాడు బావ. అక్క వచ్చి ఆ చక్రాల దగ్గర నీళ్లలో కూర్చుండిపోయింది. అక్కడే గట్టు మీద దహనం చేశారు.

మా రూములో ఆయన మంచం అట్లాగే ఉంది. చెప్పులు మంచం మీదే కాళ్ల దగ్గర ఉన్నాయి. ఊడ్చేటప్పుడు నర్సయ్య మంచం కింద ఊడుస్తాడు కాని వాటిని కదపడు. నేనూ కదపను. మొన్న శుక్రవారం కొత్త మనిషి ఒకాయన వచ్చాడు, నిర్మల్ దిక్కు. నర్సయ్య వండాడు. పళ్లెంలో అన్నం పెట్టాడు, గరిటె నిండా కూర తీశాడు. గరిటె దానంతట అదే గాలిలో ఆగిపోయింది. బోర్లించిన బకెట్టు మీద ఎవరూ కూర్చోలేదు. ఆ కొత్తాయన మా ముఖాలు చూసి భయపడి, ఏదో తప్పు చేశానేమో అన్నట్టు చెయ్యి పళ్లెంలో నుంచి వెనక్కి తీసుకున్నాడు. నాకైతే ఆ గొంతు స్పష్టంగా వినిపించింది. నర్సయ్యకూ వినిపించిందేమో నేను అడగలేదు.

అస్థులు కలిపిన రోజు కూతురు తెప్పలో నుంచి వీడియో కాల్ చేసింది. నేను పార్కులో చెట్టు కింద నిలబడి చూశాను. ఎటు చూసినా నీళ్లు. నడుమ గుంజలు, ఎర్రగుడ్డలు. తెప్ప ముసలాయన రెండు గుంజల దగ్గర తెప్ప ఆపాడు.

"మామా, ఏ దిక్కు కలపాలె? ఇటా, అటా?"

"అవతలికే బిడ్డా. మీ ఊరి దిక్కే."

ఆమె గుంజలకు అవతలి వైపు వంగి కుండ ఒంచింది. నిలబడ్డ నీళ్లు కదా, ఎటూ పోలేదు. బూడిద పడ్డచోటనే తెల్లగా, చాప పరిచినట్టు ఆగింది. ఆమె ఏడుస్తూ ఫోను అట్లాగే పట్టుకుంది. కొంచెం గాలి వచ్చింది. ఆ తెలుపు మెల్లగా జరిగింది. రెండు గుంజల నడుమ నుంచి, కింద వాగు ఉన్నచోటి మీద నుంచి, ఇవతలి గట్టు వైపు రావడం మొదలుపెట్టింది.

"మామా, చూస్తున్నవా? నాయిన ఇటే వస్తున్నడు."

ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. అది వస్తూనే ఉంది. తల్లిని భుజాల మీద పెట్టుకుని వచ్చిన రోజు నడిచినట్టే, తొందర లేకుండా.